ఆకుపచ్చ దీపానికి శాలువా

ఒక పెద్ద అడవిలో దుప్పుల కొమ్ములకు ఇనుప తొడుగులు చేసే కర్మాగారం ఒకటుండేది. కొలతలు నొక్కితే తమంతట తామే కోసే కంప్యూటర్ లేత్‌లు అందులో మూడు. ఒకదాని మీద ఉడుత రంగనాయకి పనిచేసేది.

అడవికంతా ఉన్నది జలపాతం కరెంటొక్కటే. కర్మాగారం తాగగా మిగిలిందే నీళ్ళ మోటారుకు. ఆ వేసవిలో మోటారు మూలగడం మొదలుపెట్టింది, తొట్టి అడుగంటింది. రంగనాయకి పిల్లలు నలుగురూ తడి రాళ్ళు నాకుతున్నారు.

ఆ తల్లి వెళ్ళి మేనేజరు ఏనుగు భద్రయ్యగారితో చెప్పింది.

"అయ్యగారూ, ఇనుము రాకపోయినా లేత్‌లు తిరుగుతూనే ఉన్నాయండీ. ఉలిని చల్లబరిచే పంపు నడుస్తూనే ఉంది, ఫ్యాను ఆడుతూనే ఉంది. సరుకు వచ్చేదాకా ఆపేస్తే చాలండీ."

"ఆపడమంటే మాటలా? కమిటీ వేస్తాను," అన్నాడు భద్రయ్య.

కమిటీ అంటే నక్క. లేత్‌ని అది దూరం నుంచి చూసింది. లేత్ నెత్తిన రెండు దీపాలు కనిపించాయి. కోస్తుంటే ఆకుపచ్చ, ఖాళీగా ఉంటే పసుపు. వెంటనే ఫారం అచ్చేయించింది: పసుపు దండగ, ఆకుపచ్చ పొదుపు. రోజంతా ఆకుపచ్చ వెలిగించినవారికి శాలువా.

మర్నాడు పక్క లేత్ మీద తాబేలు నారపయ్య తీరిగ్గా కూర్చున్నాడు. బిగించిన ఇనుము లేదు, ఉలి మాత్రం ముందుకీ వెనక్కీ పోతోంది.

"ఏం కోస్తున్నావు అన్నా?"

"గాలి."

"ఎందుకు?"

"శాలువాకమ్మా. చలికాలం పనికొస్తుంది."

రంగనాయకి తన లేత్ మీట దించేసింది. దీపాలు రెండూ ఆరిపోయాయి.

నక్క ఫారం పట్టుకొచ్చి కళ్ళు చికిలించింది. "ఇదేం రంగు?"

"ఆపేశానండీ."

"దానికి ఫారంలో గడి లేదే," అని మెమో రాసి చేతిలో పెట్టింది.

వారం తిరిగేసరికి సన్మాన సభ. నారపయ్య మెడలో శాలువా పడింది. ఉపన్యాసం మధ్యలో భద్రయ్యకు గొంతెండి తొట్టిలో తొండం పెట్టాడు. బురద వచ్చింది. మోటారు పొద్దుననగా ఆగిపోయిందట.

"కరెంటంతా ఏమైంది?" అన్నాడు బురద తొండంతోనే.

"గాలి కోశామండీ," అంది రంగనాయకి. "బోలెడు కోశాం."

అన్నీ ఆపమని భద్రయ్య ఘీంకరించాడు. ఆపారు. కాసేపటికి మోటారు దగ్గి, నీళ్ళు కక్కింది. జనం కంటే ముందు నలుగురు ఉడుత పిల్లలూ తొట్టిలో దూకారు. రంగనాయకి కళ్ళు తుడుచుకుంది.

నక్క మాత్రం ఫారంలో 'ఆపుట' అని కొత్త గడి గీసి, కనిపెట్టినందుకు శాలువా కప్పించుకుంది. రంగనాయకి మెమోకి ఇంకా జవాబు రాస్తూనే ఉంది.

నీతి కావాలంటే ఇదిగో: లేత్‌ని ఆపదలచుకుంటే ముందు గడి గీయించుకోండి, దాహం తర్వాత చూసుకోవచ్చు.