మొగల్తూరు దాకా మర్యాదే

వీరబాబు చెడ్డవాడని సత్తియ్య ఈనాటికీ అనడు. చెడ్డవాడైతే ముందే కాచుకునేవాడు. భార్య తమ్ముడు కావడం ఒకటి, మర్యాదస్తుడు కావడం ఒకటి, ఈ రెండూ కలిసి తనను ముంచాయని మాత్రం రాజమండ్రి చేపల మార్కెట్లో ఐసు పెట్టె మీద కూర్చుని అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతుంటాడు.

ఆ ఆదివారం పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. అద్దె కారులో భార్య నాగదుర్గను పక్కన కూర్చోబెట్టుకుని, దారిలో రెండిడ్లీలు తిని, మధ్యాహ్నం భోజనాల వేళకు మొగల్తూరులో పెద్దింట్లమ్మగారింటికి చేరాలి. బీచి రోడ్డు ముఖాన ఆవిడ స్థలం ముప్పై రెండు సెంట్లు అమ్మకానికి ఉంది. ఏడో తరగతిలో బడి మానేసిన నాటి నుంచీ సత్తియ్య ఊళ్ళో హోటళ్ళకు చేపలు వేస్తున్నాడు, వాళ్ళు వాటిని పాడుచేయడం చూస్తున్నాడు. ఆ స్థలంలో సొంత హోటలు పెట్టి, పులుసంటే ఏమిటో జనానికి చూపించి మరీ పోవాలని అతని కోరిక.

పెద్దింట్లమ్మకు ఒక పద్ధతి ఉంది. తన ఇంట్లో కడుపునిండా తిని చెయ్యి కడుక్కున్నవాడికే మాట ఇస్తుంది. భర్త ఉన్న రోజుల నుంచీ అంతే. అంతకుముందు ఎవరో రిసార్టువాళ్ళు ఎక్కువ ధరకే వచ్చారు గాని, తాగడానికి సీసా నీళ్ళు వెంట తెచ్చుకున్నారట. ఆవిడ వాళ్ళను గేటు దాకా సాగనంపి తలుపేసుకుంది.

అందుకే సత్తియ్య ఖాళీ కడుపుతో పోదామన్నాడు. షుగరు మనిషి అలా పోకూడదని నాగదుర్గ అడ్డుపడి రెండిడ్లీలకు ఒప్పించింది. ఒప్పించి ఊరుకోక, భీమవరంలో ఉన్న తమ్ముడు వీరబాబుకు ఫోన్ చేసి బయల్దేరుతున్నామని చెప్పింది. వీరబాబు ఆ దారిలో హోటళ్ళున్న అయినవాళ్ళందరికీ ఫోన్లు చేసి, మా బావగారొస్తున్నారు, కాస్త చూసుకోండని చెప్పాడు.

చూసుకున్నారు. రావులపాలెంలో టిఫిన్ హోటలు బేబీది. నాగదుర్గకు పిన్ని కూతురు. రెండిడ్లీలు అడిగితే నేతి పెసరట్లు వచ్చాయి, వాటిలో ఉప్మా వచ్చింది, వెనకాలే గారెలు వచ్చాయి. సత్తియ్య జేబులో చెయ్యి పెట్టాడు.

"మీ దగ్గర డబ్బులు తీసుకుంటే నేను మనిషినేనా బావగారూ?" అంది బేబీ.

డబ్బు తీసుకుంటే ఆకులో సగం వదిలేసి లేవచ్చు. తీసుకోకపోతే ఆకు కడిగినట్టు కనిపించే దాకా లేవడానికి లేదు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు గాని గోదావరి రెండు గట్ల మీదా అమలులో ఉంది. సత్తియ్య ఖాళీ చేసిన ఆకును బేబీ ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

పాలకొల్లులో నాగదుర్గ పెదనాన్న కొడుకు పెదబాబు ఆ ఫోటో ఉన్న ఫోను చేత్తో పట్టుకుని కారుకు అడ్డంగా నిలబడ్డాడు. బేబీ దగ్గర తిని తన హోటలు దాటిపోతే బంధువుల్లో తలెత్తుకోలేనన్నాడు. టైము పదకొండు కాలేదు. కోడిపలావు పెట్టాడు. తనూ ఫోటో తీశాడు.

నరసాపురంలో, నాగదుర్గతో కలిసి చదువుకున్న రూబీ మెస్సుకు తాళం వేసి ఉండడం చూసి సత్తియ్యకు ప్రాణం లేచొచ్చింది. అంతలో చర్చి నుంచి రూబీ బైబిలుతో సహా పరుగున వచ్చి, అన్నయ్యగారి కోసం పొద్దున్నే వండి పెట్టానంటూ తాళం తీసింది. రొయ్యల ఇగురు ముందు పెట్టి కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, మా అన్నయ్యగారికి మంచి ఆకలి దయచేయుము."

ఆమెన్ అన్నాక తిననని అనడానికి నోరెక్కడిది. కారెక్కేటప్పటికి సత్తియ్యకు సీటు బెల్టు అందలేదు. ఆయనకు పొట్ట బిగదీసింది, ఈనో పట్టుకుని మొగల్తూరు రమ్మని నాగదుర్గ తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేసింది.

పెద్దింట్లమ్మ అరిటాకు వేసి కూర్చుని ఉంది. పీతల ఇగురు, మామిడికాయ వేసిన మెత్తళ్ళ చేపల కూర, గట్టి పెరుగు. ముందు స్థలం మాట అనుకుందామండి, తర్వాత నిమ్మళంగా తింటానన్నాడు సత్తియ్య.

"రిసార్టోళ్ళూ ఇదే అన్నారు బాబూ," అందావిడ.

సత్తియ్య కూర్చున్నాడు. మొదటి ముద్ద దిగింది. రెండోది గొంతులో ఆగి ఆలోచించింది. మూడోది కలుపుతుండగా ఇగురులోంచి పీత కాలు పైకి లేచినట్టనిపించి, పెరట్లోకి పరిగెత్తాడు. కొబ్బరి చెట్టు మొదట్లో నరసాపురం, పాలకొల్లు, రావులపాలెం ఆ వరసలోనే వెనక్కి వచ్చేశాయి.

"మా చేతి వంట పడలేదన్నమాట," అంది పెద్దింట్లమ్మ.

అప్పుడే వీరబాబు ఈనో ప్యాకెట్టుతో బండి దిగాడు. బావగారికి బాగోలేదని తెలిసి అన్నం కూడా తినకుండా వచ్చాడు. మంచం మీద వాలిన సత్తియ్యకు ఆ క్షణాన తట్టింది చాలా తెలివైన ఆలోచన.

"ఒరే, నువ్వు కూర్చోరా," అన్నాడు నీరసంగా. "నా బదులు నువ్వు తిను. పరువు దక్కించు."

"మీ మాట ఎప్పుడు కాదన్నానండి?" అని వీరబాబు కూర్చున్నాడు.

పీతకాళ్ళు ఒక్కొక్కటే కొరికి, పీల్చి, గుల్లలు ఆకు పక్కన కుప్ప పోశాడు. మెత్తళ్ళు మారు వడ్డించుకున్నాడు. పెరుగన్నంలో మిగిలిన ఇగురు నంజుకున్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. పెద్దింట్లమ్మ తువ్వాలు అందించి, స్థలం ఈ బాబుదేనంది.

వీరబాబు కంగారుపడ్డాడు. బావగారి కోసం తిన్నానండి, నాకెందుకండి అన్నాడు.

"మీ బావగారు నా వంట కొబ్బరి చెట్టుకు పెట్టారు. నువ్వు తీసుకుంటే తీసుకో, లేకపోతే ఎవరికీ ఇవ్వను."

పోనీలెండి, బయటికి పోకుండా మనోళ్ళకే దక్కిందని నాగదుర్గ కళ్ళు తుడుచుకుంది. వీరబాబు బావగారిని చెయ్యి పట్టి నడిపించి, కారు తలుపు తానే తీశాడు.

"హోటలుకు మీ పేరే పెడతానండి బావగారూ. మీరెప్పుడొచ్చినా డబ్బులు మాత్రం తీసుకోను."

సత్తియ్యకు పోయింది బీచి రోడ్డు ముఖాన అక్షరాలా ముప్పై రెండు సెంట్లు, దక్కింది ఈనో ప్యాకెట్టు ఒకటి.