సెనోపతి పాఠంలో గరగర

"వరిదీ, రాసుకో. ఈ క్లాతెన్ ఊళ్లో నా కళ్లు గప్పగల దోషం ఇంకా పుట్టలేదు. పుట్టినా పురిట్లోనే పట్టేస్తాను!"

తుగిమిన్ ఈ మాట అన్నది తన జిరాక్సు కొట్టు మెట్ల మీద నిలబడి. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, ఇంకో చేతిలో తనే అచ్చేసుకున్న విజిటింగ్ కార్డు. "తుగిమిన్, యంత్ర నేర పరిశోధకుడు" అని దాని మీద బంగారు రంగు అక్షరాలు. వరిది ఏమీ రాసుకోలేదు. ఈ పరిశోధనలకి తిరిగే మోటారు సైకిలు అతనిది, అందులో పెట్రోలు అతనిది, ఇరవై ఏళ్ల స్నేహం పుణ్యమా అని వినే ఖర్మ కూడా అతనిదే. పోయిన నెల ఈ మహానుభావుడు బడి ప్రింటరు కాగితాలు ఎందుకు మింగుతోందో మూడు రోజులు శోధించి, చివరికి అది తన చేతి గడియారాన్ని కూడా మింగేలా చేశాడు.

"ఇవాళ ఎవరి కొంప?" అన్నాడు వరిది.

"పాక్ సర్వోకో గారి కేసు. నాకక్కడ కుట్ర వాసన కొడుతోంది."

"ఆ ఇంట్లో కొట్టేది పిట్టల వాసనే కదా."

పెద్దాయన్ని పాక్, పెద్దావిడని బు, అన్నని మస్ అనడం ఆ జావా ఊరి మర్యాద. పాక్ సర్వోకో పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన ప్రాణమంతా సెనోపతి అనే మురై జాతి పాటల పిట్టలో ఉంది. పాటల పోటీకి దింపే పిట్టకి పాట నేర్పే పద్ధతి ఊరందరిదీ ఒకటే. పంజరానికి నల్ల గుడ్డ కప్పి, స్పీకరు పక్కన వేలాడదీసి, గెలిచిన పిట్టల పాటల రికార్డింగు పొద్దున్నించి సాయంత్రం దాకా వినిపిస్తారు. గుడ్డ కప్పితే పిట్ట నోరు మూసుకుని వింటుందని అందరి నమ్మకం. ఈ లోపల సర్వోకో కంప్యూటరుకి జబ్బు చేసింది. రెండు నెలలుగా పాట మధ్యలో "గర్ర్ర్... టిక్ టిక్" అంటోంది. ఆయన విసిగిపోయి కొత్త సౌండ్ కార్డు కొనుక్కొచ్చాడు. దాన్ని బిగించడానికి తుగిమిన్‌ని పిలవడం మాత్రం ఆయన స్వయంకృతమే.

"ఆదివారం పోటీ, మస్ తుగిమిన్," అన్నాడాయన గుమ్మంలోనే. "ఎనిమిదేళ్లుగా పాక్ కుస్నాది పిట్టే గెలుస్తోంది. ఈసారి కూడా ఓడిపోతే పంజరాలన్నీ తీసేస్తానని మా ఆవిడకి మాటిచ్చాను."

"మాట కాదు, ఒట్టు," అంది లోపల్నుంచి ఆయన భార్య బు ముర్ని.

దుమ్ము పడకుండా సెనోపతిని పెరట్లో ఎండకి పెట్టి, కంప్యూటరు ఆపి, డబ్బా విప్పారు. తుగిమిన్ కొత్త కార్డుని స్లాట్‌లో పెట్టి, ఊపిరి బిగబట్టి, మోకాలితో నొక్కినంత పని చేశాడు. తీగలు తగిలించి ఆన్ చేశాడు. కంప్యూటరు కిక్కురుమనలేదు.

"గొంతు నులిమేశారు!" అని అరిచాడు తుగిమిన్. "వరిదీ, తలుపులెయ్! ఎవరూ బయటికి పోకూడదు!"

బు ముర్ని వచ్చి వెనక్కి తొంగి చూసింది. "నాయనా, ఆ పచ్చ తీగ గులాబీ బొక్కలో దూర్చావు. పచ్చ బొక్క పక్కనే ఉంది చూడు."

తీగ మారింది. పాట గలగలా వచ్చింది. పంజరం తెచ్చి గుడ్డ కప్పి పక్కన వేలాడదీశారు. తుగిమిన్ బొటనవేలు మీసానికి తాకించాడో లేదో, "గర్ర్ర్... టిక్ టిక్" అని వినిపించింది.

"కొత్త కార్డుకీ అదే రోగమా!" అని సర్వోకో తల పట్టుకున్నాడు.

"రోగం కాదు పాక్, విద్రోహం," అన్నాడు తుగిమిన్.

మర్నాడు డ్రైవరు సీడీ నాలుగుసార్లు ఎక్కించాడు. తెర మీద కార్డు పేరు పక్కన పసుపురంగు ఆశ్చర్యార్థకం ఒకటి కనపడింది. "చూశావా, శత్రువు నన్ను చూసి బిత్తరపోతున్నాడు," అన్నాడు. ఆ మర్నాడు కార్డు ఊడబీకి, దాని అంచునున్న బంగారు పళ్లని రబ్బరుతో రుద్ది, పసిపిల్లల పౌడరు చల్లి వేలిముద్రలు తీశాడు. ముద్రలు బ్రహ్మాండంగా పడ్డాయి. వాటిని భూతద్దంలో చూసి, "కుస్నాది! లావు బొటనవేలు, అడ్డంగా గాటు!" అన్నాడు. వరిది మిత్రుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూపించాడు. లావు బొటనవేలు, అడ్డంగా గాటు. "నేరస్థుడు నా వేలిని అనుకరించాడు," అన్నాడు తుగిమిన్ చలించకుండా.

విప్పిన ప్రతిసారీ పిట్ట పెరట్లోకి పోయేది, బిగించాక లోపలికి వచ్చేది. వచ్చిన కాసేపటికి గరగర మొదలయ్యేది.

"ఒక్కసారి ఆ కంప్యూటరు ఆపేసి వినండయ్యా," అంది బు ముర్ని మూడో రోజు.

తుగిమిన్ జాలిగా నవ్వాడు. "ఆపేసిన కంప్యూటర్లో దోషం ఎలా వినపడుతుంది, బు? ఇవి శాస్త్రం తెలిసినవాళ్లు చూసుకోవాల్సిన సంగతులు."

ఆవిడ బియ్యం కడగడానికి వెళ్లింది. సర్వోకో కూడా ఆవిడ వైపు చూడలేదు. ఎనిమిదేళ్ల ఓటమి ఆయన చెవులు మూసేసింది.

శనివారం కుంభవృష్టి. పిట్టని బయట పెట్టే వీల్లేదు, పంజరం అక్కడే ఉంది. "చివరి అస్త్రం," అంటూ తుగిమిన్ సోల్డరింగ్ ఐరన్ బయటికి తీశాడు.

"కార్డునే కాల్చేస్తావా?" అన్నాడు వరిది.

"నేరం మూలాల్లోకి వెళ్తున్నా." అని ప్లగ్గు పెట్టాడు.

ఆ ఇంటికిచ్చిన కరెంటు నాలుగొందల యాభై వాట్లు. వంటింట్లో అన్నం కుక్కరు, ముందు గదిలో కంప్యూటరు, వాటి మీద ఈ అస్త్రం. మీటరు దగ్గర "టక్" మంది. దీపం పోయింది, ఫ్యాను ఆగింది, కంప్యూటరు చచ్చింది. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు.

"గర్ర్ర్... టిక్ టిక్."

నలుగురూ బిగుసుకుపోయారు.

"పాక్," అన్నాడు వరిది మెల్లగా, "కరెంటు పోయింది కదా?"

సర్వోకో వెళ్లి నల్ల గుడ్డ ఎత్తాడు. సెనోపతి తోక నిలబెట్టి, అందర్నీ ఒకసారి చూసి, గొంతు ఉబ్బించి, "గర్ర్ర్... టిక్ టిక్ టిక్!" అని దర్జాగా పాడింది.

"అనుకున్నంతా అయింది!" అని ఎగిరి గంతేశాడు తుగిమిన్. "కరెంటు పోగొట్టడమే నా పథకం!"

సర్వోకో కిందనే చతికిలపడ్డాడు. "రెండు నెలలు పక్కన కూచోబెట్టి పాత కార్డు గరగరంతా దీనికి నేనే నేర్పాను. మురై ఒకసారి నేర్చింది చచ్చినా మరవదు." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. బు ముర్ని 'నే చెప్పలా' అనలేదు. వెళ్లి వేడి టీ తెచ్చి చేతిలో పెట్టింది. వరిదికి ఆ క్షణంలో తన మిత్రుణ్ణి మీటరు పెట్టెకి కట్టేయాలనిపించింది.

అయినా ఆదివారం సర్వోకో పోటీకి వచ్చాడు. పేరు ఇచ్చాక రాకపోతే కుస్నాది ఏడాదంతా నవ్వుతాడు. మైదానంలో ముప్ఫై పంజరాలు వరసగా వేలాడుతున్నాయి. పిట్టలన్నీ ఒకే రికార్డింగు విన్నవి కాబట్టి ఒకే పాట పాడుతున్నాయి. ఆ గోలలో సెనోపతి నోరు విప్పింది. "గర్ర్ర్... టిక్ టిక్ టిక్!" తుపాకి పేల్చినట్టు వెంటవెంటనే పడే స్వరాలంటే అక్కడి జడ్జీలకి చెవికోసుకునేంత ఇష్టం. పెద్ద జడ్జి ఆ పంజరం చుట్టూ మూడుసార్లు తిరిగి, చివరికి గెలుపు జెండా దాని కిందే పాతాడు.

"పాక్ సర్వోకో! ఇది ఏ అడవి పిట్ట పాట? ఎక్కడా వినలేదు!" అని మైకులో అడిగాడు.

సర్వోకో మైకు వైపు వంగాడు. "అది... కలిమంతాన్ అడవుల్లో..."

వరిది ప్రమాదం పసిగట్టి, వేయించిన టెంపే సోయా ముక్క ఒకటి తుగిమిన్ నోట్లో కుక్కాడు. ఆలస్యమైపోయింది. తుగిమిన్ అది నములుతూనే మైకు లాక్కున్నాడు. "అడవీ లేదు, గిడవీ లేదు! అది పాడైపోయిన కంప్యూటరు గరగర! కనిపెట్టినది నేను, తుగిమిన్, యంత్ర నేర పరిశోధకుణ్ణి!"

సర్వోకో తల దించుకున్నాడు. జడ్జీలు గుసగుసలాడి, నిబంధనల పుస్తకం అటూ ఇటూ తిప్పారు. పిట్ట ఎవరి దగ్గర నేర్చుకోవాలో అందులో ఎక్కడా లేదు. జెండా ఉన్నచోటే ఉంది. సర్వోకో పంజరాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చేశాడు. "సరేలే, ఆ పంజరాలుండనీ. ఆ గరగరే నా రాత అయితే ఏం చేస్తాం," అంది బు ముర్ని.

కుస్నాది మాత్రం విజేత దగ్గరికి వెళ్లలేదు. నేరుగా తుగిమిన్ దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు: "మస్, మా కంప్యూటరు మరీ శుభ్రంగా పలుకుతుంది. కాస్త పాడుచేసి పెట్టాలి."

సోమవారానికి జిరాక్సు కొట్టు ముందు పదకొండు కంప్యూటర్లు చేరాయి. "నేను పట్టేవాణ్ణి, పాడుచేసేవాణ్ణి కాను!" అని తుగిమిన్ మొదట మండిపడ్డాడు. "ఇన్నాళ్లకి నీ అసలు విద్యకి గిరాకీ వచ్చింది, కాలదన్నకు," అని వరిది నచ్చజెప్పాడు. తుగిమిన్ చొక్కా చేతులు మడిచాడు. కార్డులు వంకరగా గుచ్చాడు, తప్పు డ్రైవర్లు ఎక్కించాడు, తీగలు తారుమారు చేశాడు, ఆఖరికి సుత్తి కూడా తీశాడు.

వారం తిరిగేసరికి పదకొండూ కోకిలల్లా పలుకుతున్నాయి. కుస్నాది తన డబ్బా చంకన పెట్టుకుని వీధి దద్దరిల్లేలా అరిచాడు: "ఒక్క కంప్యూటరు పాడుచెయ్యడం కూడా చేతకాదటయ్యా నీకు!"