మనసులో అనుకున్న అక్షరం

శనివారం పొద్దున్న పెద్దల్లుడు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. కొట్టు తెరవాలి. మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్ష చేయాలి. ఆ తర్వాత తలుపేసుకుని ఒక్కటంటే ఒక్క విద్య ఎంచుకుని, సాయంత్రానికల్లా నేర్చేసుకోవాలి. ఆదివారం మామగారింట్లో భోజనాలయ్యాక అందరి ముందూ ఎవరో ఒకరి మనసులో మాట టక్కున చెప్పేయాలి. అంతే. ఎవరికీ నష్టం లేని పథకం.

కళ్ళద్దాల కొట్టు మామగారిది. లోపలి గదిలో కళ్ళు చూసేది పెద్దల్లుడు, బయట ఫ్రేములు అమ్మేది చిన్నల్లుడు, గల్లాపెట్టె దగ్గర కుర్చీలో కూర్చునేది మామగారు. ఆయన ఈమధ్య ఉన్నట్టుండి, "ఇక నావల్ల కాదు. ఆదివారం మీ ఇద్దర్లో ఒకరికి ఈ కుర్చీ అప్పజెప్పేస్తా" అన్నారు. అన్నవారు ఊరుకోకుండా, "కొట్టు నడిపేవాడికి పనొస్తే చాలదయ్యా, నలుగుర్నీ కూర్చోబెట్టే నేర్పుండాలి" అని ఒక ముక్క తగిలించారు. ఆ ముక్క పెద్దల్లుడికి ముల్లులా గుచ్చుకుంది. చిన్నల్లుడు పాడతాడు, గొంతు మార్చి అందరినీ అనుకరిస్తాడు, నవ్వించి నవ్వించి రెండో జత కళ్ళజోడు కూడా అంటగడతాడు. పెద్దల్లుడు నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి జోకు చెప్పబోతే, ఒంట్లో బాగాలేదేమోనని అత్తగారు మాత్ర ఇచ్చింది.

అందుకే ఆయన మనసులు చదివే విద్య మీద పడ్డాడు. దానికి గొంతు అక్కర్లేదు, ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ కూర్చుంటే చాలు. ఆ పని ఆయన రోజూ చేసేదే కదా! అయితే కొనడం ఒక విద్య, నేర్వడం ఇంకో విద్య. మనవాడు మొదటిదాంట్లోనే ఆరితేరాడు. పుస్తకాలు తెప్పించాడు, ముందు మూడు పేజీలు చదివాడు. వీడియో పాఠాలు కొన్నాడు, పరిచయ వాక్యాలు వినగానే ఇంకో గురువు దొరికాడు. గురుతులున్న పేకముక్కలు, లోపలిది కనిపించే కవర్లు, వంగుతుందన్న చెంచా అన్నీ బీరువాలో చేరాయి. చెంచా వంగలేదు. దాన్ని ఆయన భార్య ఉప్పు డబ్బాలో వేసుకుంది.

"ఏవండీ, అన్నీ సగం సగం వచ్చినవాడికి ఏమొచ్చినట్టండీ?" అని ఆవిడ అడిగింది.

"మంచి సరుకు దొరకాలి కదే! దొరికిన మరుక్షణం చూడు."

ఆ మంచి సరుకు శనివారం పొద్దున్న టీ తాగుతుండగా దొరికింది. వీడియోలో గడ్డం గురువొకాయన, "నాయనా, సరుకు కోసం ఊరంతా వెతక్కు. నీ వృత్తిలోనే ఉంటుంది. ముందు పరాయివాళ్ళ మీద సాధన చెయ్. విద్య అని చెప్పకు" అన్నాడు. పెద్దల్లుడికి బల్బు వెలిగింది. గోడమీద అక్షరాల అట్ట ఉంది. చేతిలో కంటి టార్చి ఉంది. ఎదుటివాడిని అట్టమీద ఒక అక్షరం మనసులో అనుకుని దాన్నే చూడమంటే, నల్లగుడ్డు ఎటు తిరిగిందో చూసి అక్షరం చెప్పేయవచ్చు! ఇన్నాళ్ళూ ఇది తట్టనందుకు తన నెత్తిన తానే మొట్టుకున్నాడు.

మొదట వచ్చింది సంగీతం టీచరమ్మ. కళ్ళజోడు తీయించి కుర్చీలో కూర్చోబెట్టి, "ఒక్క అక్షరం అనుకోండమ్మా. పైకి అనకండి, దాన్నే చూడండి" అన్నాడు. టార్చి వేశాడు. నల్లగుడ్లు పైకి లేచాయి. అట్టమీద అన్నిటికంటే పైన ఒంటరిగా, అరచేయంత ఉన్నది 'గ'.

"గ!" అన్నాడు.

"అయ్యబాబోయ్!" టీచరమ్మ గుండెమీద చెయ్యి వేసుకుంది. "మీకెలా తెలిసిందండీ?"

"అది బయట చెప్పకూడదమ్మా. చెబితే పనిచెయ్యదు" అన్నాడు, గడ్డం గురువు గొంతులో. ఇన్నేళ్ళలో తన మాటకు ఒక మనిషి నోరు తెరవడం అదే మొదలు. ఆ సంతోషంలో ఆవిడ కళ్ళు పరీక్ష చేయడం మరిచిపోయాడు. ఆవిడా అడగడం మరిచిపోయింది.

తర్వాత వచ్చిన బస్సు డ్రైవరు దగ్గరా పారింది. ఆ తర్వాత కుట్టుపని ఆవిడ దగ్గరా పారింది. అందరి గుడ్లూ పైకే లేచాయి, అందరి మనసులోనూ 'గ'యే ఉంది. పెద్దల్లుడికి కొంచెం తికమకగా అనిపించకపోలేదు. కానీ మనుషుల మనసులన్నీ ఒకే దారిన పోతాయని ఏదో పుస్తకం మూడో పేజీలో చదివిన గుర్తు. నాలుగో పేజీ చదివుంటే బాగుండేదేమో, చదవలేదు.

సంగీతం టీచరమ్మ అక్షరం చెప్పలేదు గానీ, మిగతాదంతా వీధికి చెప్పేసింది. మధ్యాహ్నానికి కొట్టు ముందు పాత గిరాకీలంతా బారులు తీరారు. చిక్కేమిటంటే, వచ్చినవాళ్ళెవరూ ఇప్పుడు అక్షరాలు పైకి చదవడం లేదు.

"రెండో వరుస చదవండి సార్" అంటే, "చదివాను. మనసులో. మీరే చూసుకోండి" అని పోస్టుమాస్టరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మనసులో చదివితే మీ సైటు ఎంతో నాకెలా తెలుస్తుందండీ?"

"నన్నే పరీక్షిస్తున్నారా? అందరి మనసులూ తెలిసిపోతున్నాయంటగా!"

ఒకామె పిల్లి తప్పిపోయిందనీ ఎటు వెళ్ళిందో కళ్ళలో చూసి చెప్పమనీ కూర్చుంది. "పిల్లి కళ్ళలోనా, మీ కళ్ళలోనా అమ్మా?" అని పెద్దల్లుడు అడిగాడు. ఆమెకూ తెలియలేదు. ఇంతలో ఇంకొకావిడ మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"ఈయన మనసులో ఏముందో నాముందే చెప్పండి!"

పెద్దల్లుడు అలవాటుగా టార్చి వేశాడు. అలవాటుగానే నోరు జారాడు. "గ."

"గ... తో... ఎవరు?" ఆవిడ మొగుడివైపు తిరిగింది. "మీ ఆఫీసులో గ తో ఎవరున్నారు?"

"నా ఖర్మ! ఆ అట్టమీద అక్షరమే!" అన్నాడు మొగుడు.

"అట్టమీద అన్ని అక్షరాలుండగా అదే ఎందుకు నచ్చింది మీకు?"

నిజానికి ఆ ప్రశ్న పెద్దల్లుడు వేసుకోవలసింది. కానీ ఆయన వాళ్ళిద్దరినీ విడదీసే పనిలో ఉన్నాడు. చిన్నల్లుడు లోపలికి తొంగిచూసి, "అన్నయ్యా, పొద్దుట్నుంచి ఒక్కడికీ నంబరు రాయలేదు నువ్వు. నేనేం అమ్మను? దీవెనలా?" అని మొత్తుకున్నాడు.

అంతటితో ఆగితే అతను చిన్నల్లుడెందుకవుతాడు? బయటికి వెళ్ళి మామగారికి నవ్వుతూ చేరవేశాడు. "మామయ్యగారూ, అన్నయ్య కళ్ళలోకి చూసి మనసులో ఉన్నది చెప్పేస్తున్నాడంట. ఏదీ దాగదంట!"

వినగానే మామగారి ముఖం మాడిపోయింది. లేచి, కుర్చీకి తగిలి, తలుపనుకుని అద్దాల బీరువాలోకి నడవబోయి, సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు పెద్దల్లుడు ఎదురొస్తే రెండు చేతులతో కళ్ళు మూసుకున్నారు. కుర్చీ చేజారిపోయినట్టేననుకున్నాడు పెద్దల్లుడు. ఏం తప్పు చేశానో తెలియక ఆ సాయంత్రం ఇంట్లో తలపట్టుకుని కూర్చున్నాడు.

కొట్టు నుంచి తెచ్చిన అట్టను గోడకు తగిలించి భార్య మీద విద్య ప్రయోగించాడు.

"గ."

"కాదండీ. కింద వరుసలో చివర్న చిన్న 'ళ' ఉంది, అదనుకున్నా."

"అదెందుకనుకున్నావు?"

"కనిపించింది కాబట్టి."

మళ్ళీ చేశాడు. మళ్ళీ తప్పు. లైటు సరిగ్గా లేదన్నాడు. లైటు మార్చాక, ఆవిడ తిన్నగా కూర్చోలేదన్నాడు. చివరికి, "కట్టుకున్నదానివై ఉండి నాకు సాయం చెయ్యవేం?" అని నిష్ఠూరమాడి, అన్నం తినకుండా పడుకున్నాడు.

ఆదివారం భోజనాలయ్యాయి. హాల్లో అట్ట వేలాడింది. మామగారు నట్టింట్లో నల్ల కళ్ళజోడు పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నారు. కళ్ళు మండుతున్నాయట.

"ముందు అత్తయ్యగారు" అన్నాడు పెద్దల్లుడు, నుదుటిమీద చెమట తుడుచుకుంటూ. టార్చి వేశాడు. అత్తగారు ముక్కుమీద కళ్ళజోడు సర్దుకుని చూసింది. "గ!"

"కాదు నాయనా. నాలుగో వరుసలో 'ప'."

మరదలి దగ్గరా తప్పింది. చిన్నల్లుడి దగ్గరా తప్పింది. "అన్నయ్యా, అంత పెద్ద అక్షరం ఎవరనుకుంటారు? అది వీధి చివరున్నవాడికి కూడా కనిపిస్తుంది" అన్నాడు చిన్నల్లుడు, అచ్చం పెద్దల్లుడి గొంతుతోనే. ఇల్లంతా గొల్లుమంది. పెద్దల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. ఇక్కడ ఆపేస్తే కుర్చీ ఎటూ లేదు, పరువూ లేదు. నిన్న అందరి దగ్గరా పారిన విద్య ఇవాళ ఏమైపోయిందో ఆయనకు అంతుపట్టలేదు. చావో రేవో అనుకుని మామగారి ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"వద్దు అల్లుడూ!"

"ఒక్కసారి మామయ్యగారూ. ఆ జోడు తీయండి."

"నా మనసులో ఏమీ లేదు!"

"ఏమీ లేకపోతే భయమెందుకండీ?" అని అత్తగారు నల్ల కళ్ళజోడు లాగేసింది. మామగారు కళ్ళు చికిలించి అట్టవైపు చూశారు. నల్లగుడ్లు పైకి లేచాయి.

"గ" అన్నాడు పెద్దల్లుడు, ఆశ లేకుండానే.

మామగారు తెల్లబోయారు. "ఎలా తెలిసిందయ్యా?"

పెద్దల్లుడు ఎగిరి గంతేయబోయాడు, వేయలేకపోయాడు. ఆయనలోని మనసులు చదివేవాడు ఆనందంలో ఉండగా, ఇన్నేళ్ళుగా కళ్ళు చూస్తున్నవాడు లోపల్నుంచి గొంతు పట్టుకున్నాడు. ఇంతమందిలో ఈయనొక్కరే 'గ' ఎందుకనుకున్నారు? నిన్న వచ్చినవాళ్ళంతా ఎవరు? చూపు ఆనక కొట్టుకొచ్చినవాళ్ళు! తానే వాళ్ళ కళ్ళజోళ్ళు తీయించాడు!

"మామయ్యగారూ, రెండో వరుస చదవండి" అన్నాడు మెల్లగా.

"రెండో వరుసా?" మామగారు అట్టవైపు మెడ చాచారు. "కింద ఇంకో వరుస కూడా ఉందా?"

ఎవరూ నవ్వలేదు. అత్తగారు లేచి ఆయన రోజూ పెట్టుకునే బంగారు రంగు కళ్ళజోడు అందుకుని కళ్ళకు పెట్టుకుని చూసింది. ఉత్త గాజు. కొట్టు కిటికీలో అందానికి పెట్టే జోడది.

"ఏం చెయ్యనే!" అని మామగారు చతికిలబడ్డారు. "కళ్ళద్దాల కొట్టువాడికే కళ్ళు ఆనడం లేదంటే నలుగురూ నవ్వరూ? గల్లా దగ్గర వచ్చినవాడెవరో తెలియక అందరినీ 'రండి రండి' అంటున్నా. మొన్న తలుపుకి దణ్ణం పెట్టాను. ముసలితనం వచ్చేసిందనుకున్నా. అందుకే దిగిపోదామనుకున్నా."

పెద్దల్లుడి కుర్చీకి పది అడుగుల దూరంలో మనిషి చీకట్లో తడుముకుంటుంటే, తాను చెంచాలు వంచుతూ కూర్చున్నాడు! టార్చి జేబులో పెట్టాడు. అట్ట చంకన పెట్టుకుని, మామగారి చెయ్యి పట్టుకుని అప్పటికప్పుడు కొట్టుకు తీసుకెళ్ళి, లోపలి గదిలో కూర్చోబెట్టి, ఓపిగ్గా ఒక్కొక్క అద్దమే వేసి చూపించాడు. "ఇది బాగుందా మామయ్యగారూ? ఇప్పుడు? దీనికంటే అది నయమా?" చివరి వరుసలో 'ళ' చదివినప్పుడు మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు చదవాల్సింది ఇదయ్యా అల్లుడూ, ఇదీ!" అని భుజం తట్టారు. కుర్చీ ఇక తనదేనని పెద్దల్లుడికి గట్టిగా అనిపించింది. చిన్నల్లుడికీ అలాగే అనిపించి, దిగులుగా మొదటిసారి తన సొంత గొంతుతో, "కంగ్రాట్స్ అన్నయ్యా" అన్నాడు.

కొత్త కళ్ళజోడు బుధవారానికి తయారైంది. మామగారు పెట్టుకుని, గల్లా దగ్గర నిలబడి, కొట్టు నాలుగు మూలలా చూశారు. చాలాసేపు చూశారు. ఫ్రేముల బీరువామీద దుమ్ము చూశారు, వంకరగా వేలాడుతున్న బోర్డు చూశారు, కౌంటర్ కింద చిన్నల్లుడు దాచిన బిస్కెట్ పొట్లం చూశారు, పెద్దల్లుడి సొరుగులోంచి తొంగిచూస్తున్న పేకముక్కలు చూశారు.

"అబ్బో!" అన్నారు మామగారు, ఇరవై ఏళ్ళు తగ్గిన గొంతుతో. "నేను దిగిపోదామనుకున్నది ఇలాంటి కొట్టులోంచా? మీ ఇద్దరికీ వదిలేసి?"

ఆయన తన కుర్చీలో హాయిగా కూర్చుని, అల్లుళ్ళిద్దరికీ చెరొక గుడ్డ ఇచ్చి, పై అర నుంచి మొదలుపెట్టమన్నారు.