మంత్రిగారూ, ముక్కాలిపీటా

అణగారిన వర్గాలన్నిటినీ ఆకాశానికెత్తేలా సంబరాలు జరుపుతామని సంక్షేమ మంత్రిగారు ప్రకటించారు. ఎత్తడమంటే మాటలా? అందుకే హాలు మూడో అంతస్తులో తీసుకున్నారు. లిఫ్టు లేదు.

సంబరాలకు ముఖ్య చిత్రకారిణి కుంచెమ్మ. ఆవిడకు అసలు పేరు వేరే ఉంది గానీ, కుంచె పట్టాక జనం దాన్ని కొంచెం కొంచెంగా మరిచిపోయారు. చిన్నప్పుడే కాళ్లు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలోంచే బొమ్మలేస్తుంది. మురుగు తోడేవాళ్లు, చెత్త ఏరేవాళ్లు, ఇంట్లోంచి గెంటేస్తే సొంత గూడు కట్టుకున్న ట్రాన్స్ మహిళలు, ఎవరొచ్చినా కూర్చోవలసింది ముక్కాలిపీట మీదే. అప్పుడే వాళ్ల కళ్లు ఆమె కళ్లకు సమానంగా వస్తాయి. “సమానంగా కూర్చోని మొహం నాకు దొరకదు,” అంటుంది.

ఆ బొమ్మల్లో ఒకటి దర్జీది. కుంచెమ్మా, దర్జీ ఇద్దరూ ఆడవాళ్లే. ప్రేమించుకుని ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నారు. లోకం లెక్కలో మాత్రం ఒకరు ఓనరు, ఒకరు అద్దెకున్నావిడ. ఆ బొమ్మ కింద ‘నా మనిషి’ అని రాసి నలుగురి ముందూ గోడకెక్కించాలని కుంచెమ్మ కోరిక. సంబరాలకు ఒప్పుకున్నదే అందుకు.

కల్చరల్ ఆఫీసరు వచ్చి చూశాడు.

“బ్రహ్మాండం మేడమ్! ‘మనిషి’కి ఆబ్జెక్షన్ లేదు. ‘నా’ దగ్గరే చిన్న ఇబ్బంది.”

“ఆవిడ నా మనిషేనండీ.”

“మనసులో అనుకోండి, ఎవరొద్దన్నారు? పైగా గోడ మీద చోటు తక్కువ. మీరు మంత్రిగారి పోర్ట్రెయిట్ ఒకటి వేసిపెడితే, దాని పక్కన ఇదీ వేలాడుతుంది. హామీ నాది.”

కిటికీ దగ్గర సూదిలో దారం ఎక్కిస్తున్న దర్జీ తలెత్తకుండానే అంది: “ఒప్పుకోవే. నేను మేకుకి ఎక్కాలంటే ఆయన్ని వేలాడదియ్యక తప్పదు.”

మంత్రిగారు కార్ల బారుతో ఆ ఇంటికే విచ్చేశారు. పీట చూశారు.

“ఇదేంటయ్యా?”

“సమానంగా కూర్చోవాలట సార్,” అన్నాడు వెంట వచ్చిన ఆఫీసరు.

“సమానత్వం నా ఊపిరయ్యా! కానీ ప్రోటోకాల్ ఉందిగా? ఒక్క మెట్టు కూడా దిగేది లేదు.”

వ్యానులోంచి వేదిక దిగింది. వేదిక మీదికి పెద్ద కుర్చీ ఎక్కింది. కుర్చీలోకి మంత్రిగారెక్కారు. కుంచెమ్మ అబద్ధం గీయదు. కింద నుంచి ఏది కనబడితే అది ముక్కుసూటిగా గీసింది. విశాలమైన గడ్డం, దాని పైన రెండు సొరంగాలు, ఆ పైన తిరుగుతున్న ఫ్యాను.

సంబరాల రోజు అతిథులందరూ ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కారు. ముఖ్య చిత్రకారిణిని మాత్రం దర్జీతోపాటు కింద, మెట్ల పక్కన, టీవీ ముందు కూర్చోబెట్టారు.

“మీరు వేర్లు మేడమ్. వేర్లు కిందే ఉండాలి,” అన్నాడు ఆఫీసరు.

‘నా మనిషి’ కూడా అక్కడే ఉంది, గోడవైపు తిరిగి.

“హామీ ఇచ్చారుగా?”

“ఇప్పటికీ ఇస్తున్నాను మేడమ్!” అంటూ పైకి పరిగెత్తాడు.

పైన మంత్రిగారు పోర్ట్రెయిట్ మీది తెర లాగారు. అందరూ ముక్కున వేలేసుకున్నారు. మంత్రిగారు చాలాసేపు చూశారు. కళ్లు చెమర్చాయి.

“ఎవరయ్యా ఈ అభాగ్యుడు? పాపం, కళ్లు కూడా లేవు! ఏ వర్గం?”

ఆఫీసరు చేతులు కట్టుకున్నాడు. “అ... అణగారిన వర్గమే సార్.”

“ఎంతలా అణిగిపోయాడు! సాయంత్రంలోగా ఇతన్ని నా ముందుకు తీసుకురండి. మంచి కుర్చీ ఒకటి నా చేతుల మీదుగా ఇస్తాను!”

చప్పట్లు మోగాయి. ఆ మోతలోనే ఆఫీసరు మెట్లు దిగి కుంచెమ్మ ముందు వాలాడు.

“చచ్చాను మేడమ్! ‘ఆ బొమ్మ మీదే సార్’ అని ఆయనతో అంటే నా ఉద్యోగం ఊడుతుంది. అలాంటి ముక్కున్న బీదవాణ్ణి ఎవరినైనా చూపించండి. మీకు బోలెడంతమంది తెలుసుగా!”

“ముందు నా మనిషిని గోడకెక్కించండి.”

“పైకి పట్టుకెళ్లమంటారా?”

“వద్దు. ఇక్కడే. నాకు సమానంగా.”

అంత కిందగా మేకు కొట్టాలంటే ఆఫీసరు మోకాళ్ల మీద కూలబడక తప్పలేదు. దర్జీ సుత్తి అందించి, “కొంచెం ఎడమకి నాయనా, నా మెడ వంకరపోతోంది,” అంది. కుంచెమ్మ ఒళ్లోంచి పేరు రాసిన అట్ట తీసి బొమ్మ కింద తగిలించింది, ‘నా’తో సహా. పైనుంచి దిగుతున్న జనం ఒక్కొక్కరే ఆగి చదవసాగారు. దర్జీ వచ్చి చక్రాల కుర్చీ మీద చెయ్యేసి నిలబడింది.

ఆఫీసరు ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు. అతని మొహం కుంచెమ్మకు మొదటిసారి పూర్తిగా కనబడింది.

“ఇప్పుడైనా చెప్పండి మేడమ్. కుర్చీ ఎవరికి ఇప్పించాలి?”

“ఆయనకి కుర్చీ ఉందండీ,” అంది కుంచెమ్మ జాలిగా. “దిగడమే చేతకాదు.”