తలుపు పక్కన ఖాళీ చోటు

శనివారం ఉదయం వర్జిల్ హౌగెన్ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం భార్య వచ్చేలోపు ఇంట్లో ఉచ్చ కంపు లేకుండా చెయ్యాలి.

భార్య మార్లిస్ పదకొండు నెలల కిందట, తుంటి విరిగిన అక్కకు సాయంగా నాలుగు రోజులుండి వస్తానని ఫార్గో వెళ్ళింది. అక్క తుంటి అతుక్కుంది, మార్లిస్ మాత్రం తిరిగి రాలేదు. పోట్లాట లేదు, విడాకుల సంతకాలు లేవు. ఎందుకు రావడం లేదో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు. వాళ్ళుండే డులూత్ ఊళ్ళో మనుషులు అలాంటివి అడగరు, ఎంత మంచు పడిందో చెప్పుకుంటారు. ఆవిడ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది, ఓటిస్ ఎలా ఉన్నాడని. ఓటిస్ పదమూడేళ్ళ పొట్టికాళ్ళ కుక్క. ఆవిడ వెళ్ళిన నాటి నుంచీ వాడు వీధి తలుపు పక్కన, సరిగ్గా ఆవిడ బూట్లు విడిచే చోట, రోజూ తడిపేస్తున్నాడు.

"ఇంకా ఇంట్లోనే పోస్తున్నాడా? ఇక నీ వల్ల కాదులే. శనివారం వచ్చి తీసుకుపోతా," అంది ఈసారి గురువారమే ఫోన్ చేసి.

కుక్క కూడా వెళ్ళిపోతే ఇక ఆదివారాలు ఫోను మోగదు. కంపు లేకపోతే వాడు మానేశాడని నమ్మి వదిలేస్తుందేమోనని వర్జిల్ ఆశ.

ఎనిమిదింటికి చూస్తే ఆ చోట పరిచిన తివాచీ మళ్ళీ తడిసి ఉంది. అది మార్లిస్ తల్లి పాత గుడ్డపేలికలతో నేసింది. వర్జిల్ దాని మీద బకెట్టు వేడినీళ్ళు, సీసాడు వెనిగర్ గుమ్మరించాడు. కంపు తగ్గలేదు సరికదా, ఇల్లంతా బూజు పట్టిన ఊరగాయ జాడీలా తయారైంది. అప్పుడు తన సొంత తల్లి గుర్తొచ్చింది. ఆవిడ తివాచీలను మంచు మీద బోర్లా వేసి కర్రతో బాదేది. పొడి తివాచీలను బాదేదన్న సంగతి మాత్రం గుర్తు రాలేదు. బయట మైనస్ ఇరవై. పది నిమిషాల్లో తివాచీ తలుపు చెక్కలా బిగుసుకుంది, బాదితే కర్ర విరిగింది. కాస్త ఎండ పడేది వీధి అంచునే కాబట్టి, దాన్ని మోసుకెళ్ళి అక్కడి మంచుగుట్టకు ఆనించాడు.

ఆ ఊళ్ళో వీధి అంచున పెట్టిన వస్తువంటే మాకొద్దు, ఎవరైనా పట్టుకుపోండి అని అర్థం. ఎదురింటి ఆర్లీన్ కిటికీలోంచి చూసింది. మార్లిస్ తల్లి తివాచీ! ఇంకేముంది, సంసారం కాస్తా అయిపోయిందన్నమాట. గంట తిరక్కుండా తన ఆడపడుచు వెర్నాను వెంటేసుకుని, పొగలు కక్కే బంగాళదుంపల క్యాసరోల్ గిన్నెతో దిగింది. చావుకైనా విడాకులకైనా అక్కడ ఓదార్పు అదే.

ఇద్దరూ తలుపు పక్కన బూట్లు విడిచారు. ఓటిస్ ఆశగా పరిగెత్తుకొచ్చి, నాలుగు బూట్లూ వాసన చూసి, నిట్టూర్చి వెనక్కి పోయాడు. వర్జిల్ ప్రాణం కూడా అలాగే ఉసూరుమంది.

"నాయనా వర్జిల్, ఎప్పుడు తెలిసింది?" అంది ఆర్లీన్. విడాకులు అన్న మాట ఎత్తడం మర్యాద కాదు.

కుక్కను తీసుకుపోయే సంగతి అప్పుడే వీధికెక్కిందనుకున్నాడు వర్జిల్. "గురువారం, ఆర్లీన్ గారూ. ఫోన్‌లో."

"ఫోన్‌లోనా!" వెర్నా గుండె మీద చెయ్యేసుకుంది.

"తప్పు నాదేలెండి. సరిగా చూసుకోలేకపోయాను. పక్కన గురక వినబడకపోతే నాకు నిద్రే పట్టదు."

"మార్లిస్ గురక పెడుతుందటే వదినా?" అంది వెర్నా చెవిలో.

"తను లేకపోతే ఈ ఇల్లు నాకు ఇల్లులాగే ఉండదు," అన్నాడు వర్జిల్. ఆ మాట కుక్క గురించి మొదలైందే గానీ, పూర్తయ్యేసరికి ఎవరి గురించో అతనికే తెలియలేదు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. అనుకున్నదానికంటే ముందే వచ్చిన మార్లిస్ చంకలో కొయ్యబారిన తివాచీ ఉంది.

"మా అమ్మ తివాచీ వీధిలో పారేస్తావా? ఒక్క మాటైనా చెప్పకుండా!" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పారెయ్యలేదు. ఉతికాను."

"మైనస్ ఇరవైలోనా?"

"నువ్వొస్తున్నావని..."

వెర్నా ఉండబట్టలేకపోయింది. "నీ గురక లేనిదే నిద్ర పట్టడం లేదట తల్లీ!"

"నా గురకా?" అంది మార్లిస్.

ఓటిస్‌ది అనబోయి వర్జిల్ ఆగాడు. పదకొండు నెలలుగా నోట్లోనే ఉండిపోయిన మాట ఇంకొకటి ఉంది.

"నీదే," అన్నాడు.

మార్లిస్ తివాచీని గోడకు ఆనించి, అలవాటు చొప్పున తలుపు పక్కన బూట్లు విడిచింది. ఓటిస్ వచ్చాడు, వాసన చూశాడు, తోకతోపాటు ఒళ్ళంతా ఊపాడు. ఆ సంతోషం పట్టలేక కాలెత్తి, ఉన్ని బూట్లు రెంటినీ నిండా తడిపాడు. ఆర్లీన్, వెర్నా తమ బూట్లు చేత పట్టుకుని, క్యాసరోల్ వదిలేసి మెల్లగా జారుకున్నారు.

"ఇవి ఆరేదాకా నేను గడప దాటలేను," అంది మార్లిస్ కిటికీ వైపు చూస్తూ. "పొయ్యి దగ్గర పెడితే గంటలో ఆరిపోతాయి."

"అలాగే," అన్నాడు వర్జిల్. బూట్లు శుభ్రంగా కడిగి తీసుకెళ్ళి, ముప్ఫై ఏళ్ళలో ఒక్క చేతిగుడ్డ కూడా ఆరి ఎరగని నేలమాళిగ మూలలో జాగ్రత్తగా పెట్టి వచ్చాడు.