పెద్దల్లుడి స్పోర్ట్ మోడ్

కంకిపాడు నుంచి పామర్రుకు కారులో పదకొండే పదకొండు నిమిషాల్లో చేరిన మొనగాడు ఈ కృష్ణా జిల్లాలో ఒక్కడే! ఆయన పేరు రామకోటేశ్వరరావు. అనుమానముంటే వెనకే నా కారులో వస్తూ వాచీ చూసినవాణ్ణి, నన్నడగండి.

ఆయనకు ఒక ఎరువుల కొట్టు, మాణిక్యంగారింట్లో పెద్దల్లుడి హోదా, ఒక మామూలు తెల్ల కారు ఉన్నాయి. కొట్టు నడుస్తోంది. కారూ నడుస్తోంది. హోదాయే, చిన్నల్లుడు సురేష్ కొత్త కారు కొన్న రోజు నుంచీ మొరాయిస్తోంది.

మాణిక్యంగారింట్లో ఒక ఆచారం ఉంది. పెళ్లికొడుకు తరలివెళ్లే బండి ఆ ఇంటి అల్లుడిదే కావాలి. ఎవరి బండి ఎక్కితే ఆ పూటకు వాడే మహారాజు. రెండోవాడి బండికి సామాను. ఇప్పుడు బావమరిది చక్రికి పామర్రు సంబంధం కుదిరింది.

"మావయ్యగారూ, నా బండిలో స్పోర్ట్ మోడ్ ఉందండీ," అన్నాడు సురేష్ గారె తుంచుతూ. "మీట నొక్కితే గుర్రమే!"

"నా దాంట్లోనూ ఉంది," అన్నాడు రామకోటేశ్వరరావు. ఆయన నోరు జారలేదు, దూకింది.

"ఎప్పుడు పెట్టించారు అన్నయ్యగారూ?"

"మొదట్నుంచీ ఉంది. నేనే వాడను. గొప్పలు నాకు పడవుగా!"

భార్య రమాసుందరి తలెత్తి చూసింది. ఆ కారు వెనక అద్దాలు ఇప్పటికీ చేత్తో తిప్పుకునేవే.

మర్నాడు పొద్దున్నే బెజవాడ ఆటోనగర్‌లో మెకానిక్ యేసుకుమార్ బానెట్ ఎత్తాడు, చూశాడు, దించేశాడు.

"ఈ ఇంజనుకి ఆ మోడ్ పడదండి. ఎద్దుకి కళ్లజోడు పెట్టినట్టుంటది."

"పరువు సంగతి బాబూ! పెళ్లికొడుకు ఎక్కాలి!"

ఇలాంటి రోగులను చాలామందిని చూసిన డాక్టరులా యేసుకుమార్ తలూపాడు. "అయితే ఎర్ర మీట ఒకటి పెడతానండి. నొక్కితే దీపం వెలుగుద్ది, స్పీకర్లో మోత వస్తది, ఏసీ ఆగిపోద్ది."

"ఏసీ ఎందుకు ఆగాలయ్యా?"

"ఏసీ ఆపితే బండి కాస్త లాగుద్దండి. నిజమైంది అదొక్కటే. మిగతాదంతా డెకరేషను."

పెళ్లి మే నెలలో, ముహూర్తం మిట్టమధ్యాహ్నం. పొద్దున ఇంటి ముందు మీట నొక్కి చూపించగానే ఆ మోతకు వీధికుక్క పారిపోయింది, మామగారు కరిగిపోయారు. "పెళ్లికొడుకు వెళ్లేది పెద్దల్లుడి బండిలో. పెళ్లికూతుర్ని తెచ్చేది చిన్నల్లుడి బండిలో," అని తీర్పు చెప్పి, తాను వెళ్లి సురేష్ కారులో పెట్టెల మధ్య కూర్చున్నారు.

ఊరు దాటగానే చక్రి, "కొట్టు బావా మీట!" అన్నాడు.

కొట్టాడు. ఎర్ర దీపం! సింహగర్జన! కారు నిజంగానే ఉరికింది, సరిగ్గా రెండు ఫర్లాంగులు. ఆపైన ముందు నెమ్మదిగా పోతున్న వరిగడ్డి ట్రాక్టరు, మేడంత ఎత్తున, రోడ్డంత వెడల్పున! అద్దాలు దించితే గడ్డి నలుసులు, ఎత్తితే ఇడ్లీపాత్ర.

"ఏంటల్లుడుగారూ, ఈ ఉక్క?" అంది ముందు సీట్లో ఉన్న అత్తగారు సంపూర్ణమ్మ.

"స్పోర్ట్ మోడులో అంతేనండీ అత్తయ్యగారూ. శక్తంతా చక్రాలకే పోతుంది."

"గడ్డిబండి వెనక నడవడానికి అంత శక్తెందుకు నాయనా?"

మీట మళ్లీ నొక్కితే చల్లగాలి వస్తుంది. కానీ గర్జన ఆగిపోతుంది. పరువు కోసం పెట్టించినదాన్ని పరువు పోకుండా ఆపడమెలాగో యేసుకుమార్ చెప్పలేదు. రమాసుందరి మాత్రం సంచీలోంచి విసనకర్ర తీసింది. ముందే సర్దుకుంది మరి!

ఉయ్యూరు వచ్చేసరికి పెళ్లికొడుకు కల్యాణతిలకం ముక్కు మీదికి, బుగ్గచుక్క గడ్డం కిందికి దిగాయి. పామర్రు చేరేసరికి... పదకొండు నిమిషాలన్నానా? గంటా పదకొండు నిమిషాలు. ఆ గంట చెప్పడం మరిచాను, పెద్దవాణ్ణి కదా!

హారతి పళ్లెంతో విడిది ముందు నిలబడ్డ ఆడపెళ్లివారు, నీళ్లోడుతున్న పెళ్లికొడుకును చూసి, "దారిలో కాలవలో గానీ పడ్డారాండీ?" అన్నారు.

ఇంతలో వెనకే సురేష్ కారు ఆగింది. దిగిన మాణిక్యంగారి పట్టు లాల్చీ ఒంటికి అతుక్కుపోయి ఉంది. సురేష్ జుట్టులోంచి చెమట ధారలు. తోడల్లుళ్లిద్దరూ ఒకరినొకరు పైనుంచి కిందికి చూసుకున్నారు.

"అన్నయ్యగారూ," సురేష్ చెవి దగ్గరికొచ్చాడు. "మీకూ... యేసుకుమారేనా?"

"నీది కంపెనీ నుంచే వచ్చిందన్నావుగా తమ్ముడూ!"

"కారు వచ్చిందండీ. మీట రాలేదు."

సాయంత్రం అప్పగింతలయ్యాయి. పెళ్లికూతురు భానుశ్రీ రెండు కార్లనూ చూసింది, ఇంకా ఆరని మొగుణ్ణీ చూసింది. "మా నాన్నగారి పాత బండిలో వస్తానండీ. దానికి ఏ మోడూ లేదు, ఏసీ ఉంది," అంది. ఆ మాట పూర్తికాకముందే చక్రి వెళ్లి అందులో కూర్చున్నాడు.

ఆ రోజు అల్లుళ్లిద్దరి బండ్లలోనూ సామానే వచ్చింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. పదకొండు నిమిషాలు కాదు, అది మీరెలాగూ నమ్మలేదు. మీట ఎర్రదన్నాను చూశారూ, అదీ! రామకోటేశ్వరరావుది పచ్చది, సురేష్‌ది నీలం. ఎర్రది నా కారులో ఉంది.