క్లోజ్ చేయడం కుదరదు

ఆ మంగళవారం ఉదయం ఆవిడ పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం, ఒంటిగంటకల్లా ఇంటికి తిరిగి రావడం, ఈ మధ్యలో ఎవ్వరికీ ఒక్క సలహా కూడా ఇవ్వకుండా ఉండటం. మొదటి రెండూ బస్సు మీద ఆధారపడి ఉన్నాయి. మూడోది ఆవిడ నోటి మీద ఆధారపడి ఉంది. బస్సునైనా నమ్మవచ్చు.

"నీ వల్ల కాదులే," అన్నాడు భర్త. ఆయన రిటైరైన సర్వేయరు. ఏ విషయాన్నయినా ముందు కొలిచి, ఆ తర్వాత కాదంటాడు. "ఊరి బాధలన్నీ వినడానికి నువ్వొక్కదానివే దొరికావా వాళ్ళకి?"

"ముప్పై ఒక్క ఏళ్ళు విన్నానండీ."

"అది కరెంటు పోయిందన్న బాధ. ఇది వేరు."

"కరెంటు పోయినవాడు ఒక్క కరెంటు గురించే చెప్తాడనుకున్నారా? మీకేం తెలుసు!" అని ఆవిడ చెప్పులేసుకుంది.

విద్యుత్ ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుని రిటైరైన మనిషి ఆవిడ. అందరూ 'కంప్లైంటు మేడమ్' అనేవారు. ఎంత తిట్టినా రాసుకోవడం, నంబరివ్వడం, చెప్పినవాడే 'వచ్చిందమ్మా కరెంటు' అనేదాకా ఆ ఫిర్యాదు మూయకపోవడం ఆవిడ పద్ధతి. పైవాళ్ళు మూసేయమని ఎన్నిసార్లు కళ్ళెర్రజేసినా మూయలేదు. ప్రమోషను రాకపోవడానికి కారణం కూడా అదే. రిటైరై ఎనిమిది నెలలైంది. ఇప్పుడు ఇంట్లో ఫోను మోగితే అవతల ఎవరో ఏదో అమ్మేవాడే. తనతో ఎవరూ ఏదీ చెప్పుకోవడం లేదన్న సంగతి ఆవిడను లోపల్లోపల తినేస్తోంది. అందుకే ఆరోగ్య కేంద్రం గోడ మీద 'కౌన్సెలింగుకు వాలంటీర్లు కావలెను' అన్న కాగితం చూడగానే ఆవిడ ఇంట్లో అడగను కూడా అడగలేదు.

రెండు రోజుల శిక్షణలో మూడు సూత్రాలు చెప్పారు. వినాలి. సలహా ఇవ్వకూడదు. విన్నది గది దాటకూడదు. చివర్లో ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. వారానికి మూడు రోజులు రమ్మన్నారు.

గది కట్లు కట్టే గదికీ మందుల కౌంటరుకీ మధ్యన ఉంది. మొన్నటిదాకా అందులో పాడైపోయిన బరువు తూచే మిషన్లు ఉండేవి. తలుపును కాస్త పైకెత్తితే తప్ప మూసుకోదు. బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఎడమవైపుకు మాత్రమే తిరిగే ఫ్యాను. సొరుగులో ఒక చీటీల పుస్తకం, ఆరోగ్య కేంద్రం పేరున్న గుండ్రటి సీలు.

మొదటగా వచ్చినవాడు నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. నిద్ర పట్టడం లేదన్నాడు. అరగంట మాట్లాడాక అసలు సంగతి బయటపడింది. సొంత అన్నయ్య ఏడాదిగా మాట్లాడటం లేదట.

'నువ్వే వెళ్ళి పలకరించవయ్యా, కొమ్ములేమన్నా ఊడిపోతాయా' అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. గుటక వేసి మింగేసింది. నోరు ఆగింది కానీ చెయ్యి ఆగలేదు. పాత అలవాటు కొద్దీ చీటీల పుస్తకం లాగి, 'ఫిర్యాదు నం. 1. అన్నయ్య ఏడాదిగా మాట్లాడటం లేదు. నమోదు చేయడమైనది' అని రాసి, టపీమని సీలు కొట్టి చేతిలో పెట్టింది.

డ్రైవరు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"రాసుకున్నారా మేడమ్? నిజంగానే రాసుకున్నారా?"

"నంబరు కూడా ఉంది చూడు."

అతను ఆ చీటీని చొక్కా జేబులో భద్రంగా పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అక్కడితో అయిపోవలసిన కథ.

గురువారం వెల్డింగు షాపాయన ఒకడు, తన షాపు తలుపు సందులో దొరికిన ఆ చీటీ పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏంటి మేడమ్ ఇది? నా మీద కేసా?"

"ఇందులో మీ పేరుందా?"

"అన్నయ్య అని ఉంది కదా! వాడికి నేనొక్కణ్ణే అన్నయ్యని!"

"ఆ సంగతి నేను మాట్లాడకూడదండి."

"సర్కారు సీలుంది. నాకు షాపుంది, లైసెన్సుంది. ముందు దీన్ని కొట్టేయండి."

"నేను కొట్టేయడం కుదరదు. ఎవరు చెప్పుకున్నారో వాళ్ళే వచ్చి క్లోజ్ చేయమనాలి."

"వాడితో నేను మాట్లాడటం లేదు కదా!"

ఆవిడ చీటీని తిరిగి ఆయన వైపు జరిపింది. సలహా ఇవ్వకూడదు మరి.

శనివారం అన్నదమ్ములిద్దరూ ఒకే మోటారు సైకిలు మీద దిగారు. దారి పొడవునా పోట్లాడుకుంటూనే వచ్చినట్టున్నారు, గొంతులు రెండూ బొంగురుపోయాయి. తమ్ముడు ఫిర్యాదు మూయించాడు. అన్న, 'ఇంకోసారి ఇలాంటివి రాయించావంటే చంపేస్తా' అంటూ తమ్ముడి భుజం మీద చెయ్యేసి తీసుకెళ్ళాడు. మందుల కౌంటరాయన ఇదంతా కిటికీలోంచి చూశాడు. ఆయన చూశాడంటే మాత్రల పొట్లంతో పాటు ఊరంతటికీ అందినట్టే.

రెండో వారానికి పదకొండు మంది వచ్చారు. మూడో వారానికి ఇరవై దాటారు. చిక్కు అక్కడ కాదు. ఎవరి మీద చెప్పుకున్నారో వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. 'భోంచేస్తూ ఫోను చూస్తాడు' అన్న చీటీ పట్టుకుని ఒక మొగుడు వచ్చాడు. 'వంటింట్లోకి రానివ్వదు' అన్న చీటీతో ఒక అత్తగారు, 'వంటింట్లోంచి కదలనివ్వదు' అన్న చీటీతో అదే వీధిలోని ఇంకో అత్తగారు వచ్చారు. ఒక టైలరు షాపు యజమాని తొమ్మిది చీటీలు పేకముక్కల్లా పట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిదింట్లోనూ ఒకటే ముక్క, 'అరుస్తాడు'.

"నేనెక్కడ అరిచానూ?" అని ఆయన అరిచాడు.

ఈ తోపులాట భరించలేక మందుల కౌంటరాయన వరండాలో సుద్దతో గీత గీశాడు. "చెప్పుకునేవాళ్ళు ఎడమ! చెప్పించుకున్నవాళ్ళు కుడి!" మేకు గుచ్చుకుని ధనుర్వాతం ఇంజెక్షను కోసం వచ్చిన ఒక మేస్త్రీ తెలియక కుడివైపు నిలబడ్డాడు. గంటన్నర ఆ జనం మధ్య నిలబడేసరికి తాను ఏం తప్పు చేశాడో అతనికే గుర్తుకొచ్చింది. లోపలికి వచ్చి, తన వదినను పెళ్ళిలో అందరి ముందూ ఎలా నవ్వులపాలు చేశాడో చెప్పి, తిన్నగా ఆమె దగ్గరికే వెళ్ళిపోయాడు. ఇంజెక్షను మర్నాడు వేయించుకున్నాడు.

ఇంట్లో సర్వేయరుగారు నాలుగు రోజులు ఆలోచించి ఒక పొద్దున మెల్లగా అడిగాడు. "నా మీద ఎవరైనా ఏమైనా...?"

"అది బయటికి చెప్పకూడదండీ."

ఆ రోజు నుంచి ఆయన తడి తువ్వాలు మంచం మీద వేయడం మానేశాడు.

నాలుగో వారం మంగళవారం, అంటే సరిగ్గా మొదటి రోజులాగే చక్కగా మొదలైన రోజున, డాక్టరమ్మ స్టెతస్కోపు మెళ్ళోనే ఉండగా గదిలోకి పరుగెత్తుకొచ్చింది. చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు.

"ఆంటీ, పై ఆఫీసు నుంచి సారు వస్తున్నారు. ఆరోగ్య కేంద్రంలో కోర్టు నడుస్తోందని ఎవరో చెప్పారట. గదికి తాళం వేయించి, మిమ్మల్ని తీసేసి, నాకు మెమో ఇస్తారట. మీరు ఇప్పుడే ఇంటికెళ్ళిపోండి. ఎవరూ లేరంటాను."

"నేను వెళ్ళనమ్మా. నలభై మూడు ఓపెన్‌లో ఉన్నాయి."

"ఓపెన్‌లో ఉండటానికి అవి ఆపరేషన్లా ఆంటీ!"

"తలుపు తెరిచాం కాబట్టి చెప్పుకున్నారు. ఇప్పుడు మనం పారిపోతే, ఇంకెప్పుడూ ఎవరూ నోరు విప్పరు. నీకు మెమో రానివ్వను. నువ్వు వెళ్ళి పేషెంట్లను చూసుకో."

మాటైతే అనేసింది కానీ భయం ఆవిడకూ ఉంది. ఈ గది పోతే మళ్ళీ ఆ ఇల్లు, ఆ ఫోను, ఆ అమ్మేవాళ్ళు. ఆవిడ కొంగు బిగించి కుర్చీని ఇంకాస్త గోడకు జరుపుకుని కూర్చుంది. లేపాలంటే బల్లతో సహా లేపాలి.

సారు పదకొండింటికి దిగాడు. వెనకాల జీపు డ్రైవరు, డ్రైవరు చేతిలో కొత్త తాళం. వరండాలో రెండు వరుసల్నీ దాటుకుని గదిలోకి వచ్చేసరికే ఆయన మొహం కందిపోయింది.

"ఏమ్మా, ఈ చీటీలిచ్చే అధికారం మీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. ఇచ్చేవాళ్ళే ఉంటే జీతం కూడా ఇచ్చేవాళ్ళు."

"వేళాకోళాలు వద్దు. ఆ చీటీల పుస్తకం ఇటివ్వండి."

"ఇవ్వను సార్."

"ఇవ్వరా?"

"విన్నది గది దాటకూడదని శిక్షణలో చెప్పారు. ఆ సర్టిఫికెట్ మీద సంతకం మీదే."

సారు ఒక్క క్షణం తన సంతకాన్నే కోపంగా తలుచుకున్నాడు. "సరే. అన్నీ క్లోజ్ అని రాసేయండి. ఇప్పుడే. నా కళ్ళ ముందు."

"కుదరదు సార్. చెప్పుకున్నవాళ్ళే క్లోజ్ చేయాలి."

"నేను ఆర్డరేస్తున్నాను!"

"మీకంటే పెద్దవాళ్ళు ముప్పై ఒక్క ఏళ్ళు వేశారు సార్. నేను మూయలేదు. వాళ్ళంతా రిటైరైపోయారు, నేనూ రిటైరయ్యాను. ఇప్పుడు నన్నేం చేస్తారు? వాళ్ళు బయటే ఉన్నారు. మూయిస్తానంటే మీరే అడిగి మూయించండి. వద్దనను. నేను లేచి బయట కూర్చుంటాను."

"పిలవండి! అరగంటలో తేల్చేస్తాను," అని సారు ఆవిడ కుర్చీలో చతికిలబడ్డాడు.

ఆవిడ ఎడమ వరుసలో మొదటివాణ్ణి లోపలికి పంపి, తలుపు పైకెత్తి మూసి, వరండాలో బెంచీ మీద కూర్చుంది. లోపలికి వెళ్ళినవాడు ఒక లిఫ్టు ఆపరేటరు. అతను ఏం చెప్పుకున్నాడో ఆవిడకు తెలుసు, కానీ ఆవిడ మొహం చూసి ఎవరూ కనిపెట్టలేరు. మందుల కౌంటరాయన మాత్రం తన వైపు కిటికీకి చెవి అంటించేశాడు. చెవి తీయమని ఆవిడ రెండుసార్లు కసిరింది. తీయలేదు.

లోపల నుంచి కౌంటరాయనకు వినిపించినంత వరకు జరిగింది ఇది.

"చూడవయ్యా, సంతకం పెట్టి క్లోజ్ చేసుకుని వెళ్ళు. ఏంటి నీ ఫిర్యాదు?"

"రోజుకి రెండొందల మందిని పైకి తీసుకెళ్తానండి. ఒక్కళ్ళూ నా మొహం చూడరు. నా తల మీంచి మాట్లాడుకుంటారు. నేనూ ఆ డబ్బాలో ఒక బటన్ననుకుంటారు."

"ఇదీ ఒక ఫిర్యాదేనా? ఏదో బిజీగా ఉంటారు జనం. సర్దుకుపోవాలి. ఏ లిఫ్టులో నువ్వు?"

"మీ ఆఫీసులోనే సార్. ఆరేళ్ళుగా మిమ్మల్ని నాలుగో అంతస్తులో దింపుతున్నాను."

ఫ్యాను ఎడమవైపుకు తిరిగిన చప్పుడు వినపడింది.

"నువ్వేనా?" అన్నాడు సారు.

"మీ అమ్మాయికి సీటొచ్చిన రోజు మీరు ఫోనులో చెప్తుంటే నేనే ముందు విన్నాను సార్. సంతోషమేసింది. 'బాగుంది సార్' అన్నాను. మీరు 'నాలుగు' అన్నారు."

కుర్చీ ముందుకు జరిగిన చప్పుడు. ఆ తర్వాత ఒక్కటే మాట.

"తర్వాత?"

మందుల కౌంటరాయన కిటికీ వదిలేసి వరండాలోకి పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్! సారు 'తర్వాత' అన్నాడు!"

"అయితే ఇవాళ్టికి అరగంటలో తేలదు," అంది ఆవిడ. "డాక్టరమ్మతో చెప్పు, సారుకి టీ తెప్పించమని."

ఒంటిగంటకు ఆవిడ ఇంటికెళ్ళలేదు. ఒకటిన్నరకు తలుపు తెరుచుకుంది. సారు చొక్కా పైగుండీ ఊడి ఉంది, చేతిలో ఒక చీటీ ఉంది. వెనకాల లిఫ్టు ఆపరేటరు ప్రశాంతంగా తల దువ్వుకుంటున్నాడు.

"మేడమ్," అన్నాడు సారు గొంతు తగ్గించి. "ఇది నా మీదే. 'ఆరేళ్ళుగా ఎక్కే సారు ఒక్కసారీ మొహం చూడలేదు' అని ఉంది. సీలుతో సహా."

"ఆ సంగతి నేను మాట్లాడకూడదు సార్."

"క్షమించమని కూడా అడిగాను. అయినా ఇతను క్లోజ్ చేయనంటున్నాడు!"

"చేయననలేదు సార్," అన్నాడు ఆపరేటరు దువ్వెన జేబులో పెట్టుకుంటూ. "ఆరేళ్ళది ఒక్క పూటలో ఎలా అవుద్దండీ? వచ్చే మంగళవారం చూద్దాం అన్నాను."

"పోనీ మీరు ఒక్క మాట చెప్పండి మేడమ్. ఏం చేయమంటారు నన్ను?"

ఆవిడ నాలుక చివర పది మాటలు బారులు తీరాయి. పదింటినీ మింగేసింది. "సలహా ఇవ్వకూడదు సార్."

జీపు డ్రైవరు తాళం ముందుకు చాపాడు. సారు దాన్ని చూశాడు, చీటీని చూశాడు, రెండు వరుసల్లోనూ తనవైపే గుచ్చి చూస్తున్న డెబ్భై కళ్ళనూ చూశాడు. తన మీద ఫిర్యాదు నడుస్తుండగా తానే వచ్చి గదికి తాళం వేయించిన ఆఫీసరు అని రేపు ఊరంతా చెప్పుకోవడం ఆయన చెవులకు ఇప్పుడే వినపడుతున్నట్టుంది. మందుల కౌంటరాయన ఎదురుగానే నిలబడి ఉన్నాడు మరి.

"తాళం జీపులో పెట్టు," అన్నాడు సారు.

డాక్టరమ్మకు మెమో రాలేదు. ఆవిడను తీసేస్తామన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ గదికి రెండు వైపులా తిరిగే ఫ్యాను ఒకటి వచ్చింది, ఎవరు పంపారో ఎవరూ అడగలేదు.

తర్వాతి మంగళవారం సారు జీపు దూరంగా ఆపించుకుని నడిచి వచ్చాడు. కుడి వరుసలో ముందుకు చొరబడబోతూ తాను అధికారినని మెల్లగా చెప్పాడు. వరుసలో మొదట నిలబడ్డ అత్తగారు కూడా తన ఇంట్లో అధికారేనట.